కడుపునిండా ఆకు పెట్టినా గూళ్లు పలుచగా ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర. ఎకరంన్నరలో వి-1 రకం మల్బరీ వేసి బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలొచ్చే జాతి) పట్టుపురుగులు పెంచుతున్నాం సార్. నాలుగో జ్వరం (మేత మాని పొర విడిచే దశ) లేచాక పురుగులు బాగానే మేస్తున్నాయి కానీ గూళ్లు వేలితో నొక్కితే సొట్టపడేంత పలుచగా వస్తున్నాయి. ఆకు తొందరగా రావాలని ఈసారి యూరియా ఎక్కువ వేశాను. పొద్దున కోసిన కొమ్మలే సాయంత్రం మేతకూ వాడుతున్నాం. మేత ఇంకా పెంచమంటారా?

జవాబు: పెంచొద్దండి. ఖర్చు పెరుగుతుంది తప్ప గూడు బరువెక్కదు. నాకు అనుమానంగా ఉన్నవి మీరే చెప్పిన రెండు విషయాలు: ఎక్కువైన యూరియా, సాయంత్రానికి వాడిపోయిన ఆకు.

పట్టుపురుగు విడిగా నీళ్లు తాగదు, ఆకులో ఉన్న తేమే దానికి ఆధారం. చాకీ పురుగులకు (చిన్న వయసు పురుగులకు) ఆకులో 80 శాతం దాకా, పెద్ద పురుగులకు 70 శాతం పైన తేమ ఉండాలి. ఆకు వాడితే పురుగు తినేదీ తగ్గుతుంది, తిన్నదీ సరిగా అరగదు. పీచు ఎలాగూ రెట్టలో పోతుంది. మంచి ఆకు పెట్టినా పోషకాల్లో సగం దాకా ఒంటికి పట్టకుండానే వెళ్లిపోతాయి, ఇక వాడిన ఆకు సంగతి చెప్పక్కర్లేదు.

పట్టు దారమంటే మాంసకృత్తే. ఆకులోని మాంసకృత్తులు పురుగు పేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోయి, రక్తంలో కలిసి, ఒంటికి రెండు పక్కలా ఉండే పట్టు గ్రంథుల్లోకి చేరతాయి. అక్కడే దారానికి కావలసిన ఫైబ్రాయిన్, దాని మీద జిగురుగా ఉండే సెరిసిన్ తయారవుతాయి. పట్టులోని మాంసకృత్తుల్లో సుమారు 70 శాతం నేరుగా ఆకు నుంచి వచ్చినవే. పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా అయిదో దశలోనే, అంటే నాలుగో జ్వరం లేచాక గూడు కట్టే దాకా తింటుంది, గ్రంథులు బాగా పెరిగేదీ అప్పుడే. అందుకే ఆ వారం రోజుల ఆకు విషయంలో నేను ఇంత పట్టుబడుతున్నాను.

యూరియా మితిమీరితే ఆకు పచ్చగా, మెత్తగా కనిపిస్తుంది కానీ నీరెక్కి, పిండిపదార్థాలు తగ్గుతాయి. పురుగుకు శక్తి చాలదు, రోగాలకు కూడా లొంగుతుంది. వి-1కి ఏడాదికి అయిదు పంటలు తీస్తే పంటకు ఎకరాకు 60 కిలోల యూరియా చాలు. భాస్వరం, పొటాష్ మానొద్దు. ఏటా ఎకరాకు 8 టన్నుల పశువుల ఎరువు తప్పకుండా వేయండి.

కొమ్మలు రెండు పూటలా చల్లటి వేళలో విడివిడిగా కోయండి. నీడలో నిలబెట్టి తడి గోనెసంచి కప్పండి. ఆకు మీద నీళ్లు చల్లి అలాగే పెడితే పడక చెమ్మగిల్లి రోగం వస్తుంది, ఆ పని చేయకండి. కింద పండిన ఆకులు, బూడిద తెగులు పట్టినవి తీసేయండి. షెడ్డులో 24–25 డిగ్రీలు ఉండేలా చూసుకోండి. చంద్రికల (పురుగులు గూళ్లు కట్టుకునే తట్టల) మీద పురుగులు కిక్కిరిసినా గూడు పలుచబడుతుంది, అదీ ఒకసారి గమనించండి.

వచ్చే పంటలో పది గూళ్లు తూచండి. తర్వాత కోసి, ప్యూపా (గూటి లోపలి పురుగు) తీసేసి, ఖాళీ గూళ్లను మళ్లీ తూచండి. మొత్తం బరువులో ఖాళీ గూళ్ల బరువు 20 శాతం దాటితే మీ ఆకు దారిలో పడినట్టే. తగ్గితే ఆ రెండు తూకాలు, ఆ పంటకు వేసిన ఎరువుల లెక్క రాసి పంపండి.