గెలిచిన డ్రైవర్‌ను ప్రేక్షకులు గేలి చేయడం సమంజసమేనా?

ఫార్ములా వన్ (ఎఫ్1) రేసు గెలిచి పోడియం (విజేతలు నిలబడే వేదిక) ఎక్కిన డ్రైవర్‌ను ప్రేక్షకులు "బూ" అంటూ గేలి చేయడం సమంజసమేనా, దీనిపై ప్రత్యక్ష అనుభవం ఎవరికైనా ఉందా అని మీరు అడిగారు. గేలి దేనిని ఉద్దేశించినది అన్నదానిపైనే నా సమాధానం ఆధారపడి ఉంటుంది. పోటీనే జరగనివ్వని నిర్ణయంపై కోపంతో అరిస్తే నేను తప్పుపట్టను. ఒక మనిషి మళ్ళీ మళ్ళీ గెలుస్తున్నాడన్న విసుగుతో అరిస్తే అది అన్యాయమని గట్టిగా నమ్ముతాను. ఈ నమ్మకం నాకు 2013 అక్టోబర్ 27న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ఏర్పడింది.

అప్పట్లో నేను నోయిడాలో ఉద్యోగం చేసేవాడిని. భారత గ్రాండ్ ప్రి 2011లో మొదలైంది. వినోద పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2014 క్యాలెండర్‌లో మన రేసు లేదన్న సంగతి ఆ ఆదివారానికి ముందే అందరికీ తెలిసిపోయింది. కనుక అక్కడికి వచ్చినవారిలో చాలామంది, ఇంత దగ్గరగా ఈ కార్లను మళ్ళీ ఎప్పుడు చూస్తామో అన్న ఆలోచనతోనే వచ్చారు. 2.4 లీటర్ల వి8 ఇంజిన్లకు కూడా అదే చివరి సీజన్. పిట్ (కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోటు) ఎదురుగా ఉన్న మెయిన్ గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చుంటే, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నా ఆ శబ్దం గుండెల మీద తగిలేది.

ఆ రోజు స్టాండ్‌లో ఎటు చూసినా ఎర్రటి ఫెరారీ టోపీలే కనిపించాయి. మన దేశంలో ఎఫ్1 చూసే తరం ఫెరారీ డ్రైవర్ మైకేల్ షూమాకర్‌ను చూస్తూ పెరిగింది కాబట్టి అది సహజమే. నా ముందు వరుసలో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన మేనల్లుడు కూర్చున్నారు, ఇద్దరూ అప్పటి ఫెరారీ డ్రైవర్ అలోన్సో అభిమానులు. మొదటి ల్యాప్‌లోనే (చుట్టులోనే) అలోన్సో కారు రెడ్ బుల్ జట్టు డ్రైవర్ వెబ్బర్ కారుకు తగిలి ముందు వింగ్ దెబ్బతింది. ఆ తరువాత ఆయన కోలుకోలేకపోయాడు. "మనవాడు ఎక్కడున్నాడురా?" అని పెద్దాయన కొన్ని ల్యాపులకొకసారి అడగడం, "పాయింట్లలోకి ఇంకా రాలేదు మామయ్యా" అని కుర్రవాడు చెప్పడం చివరిదాకా సాగింది. అలోన్సో పదకొండో స్థానంలో, అంటే పాయింట్లు దక్కే చోటుకు ఒక్క మెట్టు కింద, రేసు ముగించాడు.

గెలిచినవాడు రెడ్ బుల్ జట్టులోని మరో డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్. 2011లోనూ 2012లోనూ ఇక్కడ పోల్ (రేసును అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం) సాధించి, మొదటి ల్యాప్ నుంచి చివరి ల్యాప్ దాకా ముందుండి గెలిచినవాడు అతడే. 2013లోనూ పోల్ అతడిదే. అయితే ఈసారి తొందరగా అరిగే సాఫ్ట్ టైర్లను వదిలించుకోవడానికి రెండో ల్యాప్ చివరనే పిట్‌లోకి వచ్చి, వెనుక వరుసల్లోకి జారి, అక్కడి నుంచి ఒక్కొక్క కారునూ దాటుకుంటూ ముందుకు వచ్చాడు. మీడియం టైర్లతో మొదలుపెట్టిన సహచరుడు వెబ్బర్ వ్యూహం ఫలిస్తుందా, వెటెల్ వ్యూహం ఫలిస్తుందా అన్నదే ఆ రేసులో అసలు ఆసక్తి. ఆల్టర్నేటర్ చెడిపోయి వెబ్బర్ ఆగిపోవడంతో ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. వెటెల్ దాదాపు ముప్పై సెకన్ల తేడాతో రెండో స్థానంలో వచ్చిన రోస్‌బర్గ్ కంటే ముందుగా గీత దాటాడు. అది అతడికి వరుసగా ఆరో విజయం, వరుసగా నాలుగో ప్రపంచ టైటిల్. అప్పటికి అతడి వయసు 26 ఏళ్ళు. అంతకుముందు వరుసగా నాలుగు టైటిళ్ళు గెలిచినవారు ఫాంజియో, షూమాకర్ మాత్రమే.

గళ్ళ జెండా పడ్డాక చల్లబడే ల్యాప్ ముగించి నేరుగా పిట్‌లోకి వెళ్ళాలన్నది అప్పటి నిబంధన. వెటెల్ అలా వెళ్ళకుండా మా ఎదురుగా స్టార్ట్ గీత దగ్గర ఆగి, కారును గిరగిరా తిప్పుతూ డోనట్లు కొట్టాడు. తెల్లటి పొగ కమ్మేసింది, కాలిన రబ్బరు వాసన పై వరుసల దాకా వచ్చింది. ఆ పొగలోంచి దిగి, కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని వంగి దణ్ణం పెట్టాడు. తరువాత గోడ వైపు వచ్చి కంచె ఎక్కి, చేతి తొడుగులు ప్రేక్షకుల మధ్యకు విసిరాడు. నా ముందున్న పెద్దాయన తన ఎర్ర టోపీని చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు. "మనవాడు కాకపోతే మాత్రం ఏమైందిరా, లేచి చప్పట్లు కొట్టు" అని మేనల్లుడిని భుజం పట్టి లేపాడు. ఆ స్టాండ్‌లో నాకు ఒక్క "బూ" కూడా వినిపించలేదు.

నిబంధన మీరినందుకు స్టీవార్డులు (రేసు న్యాయనిర్ణేతలు) వెటెల్‌ను మందలించి, జట్టుకు 25,000 యూరోల జరిమానా విధించారు. గెలిచిన డ్రైవర్ ప్రమాదం లేకుండా సంబరం చేసుకోవచ్చని తరువాతి కాలంలో నిబంధనల్లోనే చేర్చారు. ఆ మార్పు చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది, ఎందుకంటే టికెట్ కొని వచ్చిన మనిషి ఇంటికి తీసుకువెళ్ళేది అలాంటి నిమిషాలనే.

నోయిడా చప్పట్ల విలువ తెలియాలంటే అంతకుముందు ఆ ఏడాది ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. 2013లో మాంట్రియల్, స్పా, మోంజా, సింగపూర్ పోడియంల మీద వెటెల్ విజేతగా నిలబడినప్పుడు జనం గేలి చేశారు. బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్‌లో ముందంజలో ఉండగా గేర్‌బాక్స్ విరిగి అతడి కారు ఆగిపోతే స్టాండ్లలో హర్షధ్వానాలు చెలరేగాయి. తప్పు చేయకుండానే గేలికి గురికావడం తనకు కష్టంగా అనిపించిందని భారత రేసు గెలిచాక అతడే అన్నాడు. ఆ గేలి అంత పెద్దగా వినిపించడానికి మరో కారణం కూడా ఉంది. విజేతల ఇంటర్వ్యూలు అంతకుముందు జనానికి దూరంగా గదిలో జరిగేవి. 2012 బ్రిటిష్ గ్రాండ్ ప్రి నుంచి వాటిని పోడియం మీదికే తెచ్చారు. దానితో కింద నిలబడినవారి అరుపు మైకులోకి ఎక్కి, డ్రైవర్ మాటల మధ్య ప్రపంచమంతటా వినిపించడం మొదలైంది.

ఈ కోపానికి మూలం మలేసియాలో ఉంది. 2013 మార్చి 24న సెపాంగ్‌లో, చివరి పిట్ తరువాత ఉన్న వరుసలోనే రేసు ముగించమని "మల్టీ 21" అనే సంకేతంతో రెడ్ బుల్ తన డ్రైవర్లకు చెప్పింది. రెండో నంబరు కారు ముందు, ఒకటో నంబరు కారు వెనుక అని దాని అర్థం. ముందున్న వెబ్బర్ ఆ మాట నమ్మి ఇంజిన్ వేగం తగ్గించుకున్నాడు. వెటెల్ మాత్రం ఆదేశాన్ని లెక్కచేయకుండా దాటేసి గెలిచాడు. ఆ ఏడాది మధ్యలో, సిల్వర్‌స్టోన్‌లో టైర్లు పేలిన తరువాత టైర్ల నిర్మాణాన్ని మార్చారు, అది రెడ్ బుల్‌కు కలిసివచ్చిందన్న గొణుగుడు ఇతర జట్ల అభిమానుల్లో ఉండేది. ఆగస్టు నుంచి అతడు ఒక్క రేసు కూడా వదలకుండా గెలవడంతో విసుగు తోడైంది.

సెపాంగ్ రోజున వెబ్బర్ అభిమానులకు వచ్చిన కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. దానిని ఆరు నెలల పాటు ఊరూరా మోసుకెళ్ళడాన్నే ఒప్పుకోలేను. పదకొండేళ్ళు వెనక్కి వెళితే, 2002 మే 12న ఆస్ట్రియాలో జనం ఇంతకంటే తీవ్రంగా గేలి చేశారు. రేసు పొడుగునా ముందున్న బారికెల్లో, ఫెరారీ ఆదేశం మేరకు చివరి గీతకు కొద్ది మీటర్ల ముందు వేగం తగ్గించి తన సహచరుడు షూమాకర్‌ను గెలిపించాడు. ఆ అరుపులకు ఇబ్బందిపడిన షూమాకర్ బారికెల్లోను పోడియం పై మెట్టు మీదికి నెట్టి, ట్రోఫీ అతడి చేతిలో పెట్టాడు. పోడియం క్రమాన్ని ఉల్లంఘించినందుకు పది లక్షల డాలర్ల జరిమానా పడింది. తరువాతి సీజన్ నుంచి జట్టు ఆదేశాలను నిషేధించారు, ఆ నిషేధం 2010 చివరి దాకా నిలిచింది. ఆస్ట్రియాలో ఆదేశం పాటించినందుకు గేలి చేశారు, సెపాంగ్ తరువాత ఆదేశం పాటించనందుకు గేలి చేశారు. మనం నిజంగా పోటీనే కోరుకునేవారమైతే, వీటిలో మొదటిదానికి ఉన్న న్యాయం రెండోదానికి లేదు.

న్యాయమైన కోపానికి నాకు తెలిసిన అతి పెద్ద ఉదాహరణ అమెరికాలో 2005 జూన్ 19 నాటి ఇండియానాపొలిస్ రేసు. ఆ రాత్రి నేను హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చుని దానిని చూశాను. శుక్రవారం ప్రాక్టీసులో, వాలుగా కట్టిన 13వ మలుపులో మైకేల్ షూమాకర్ తమ్ముడు రాల్ఫ్ షూమాకర్ టైరు విఫలమై కారు గోడను ఢీకొంది. ఆ మలుపులో పూర్తి వేగంతో తమ టైర్లు నిలబడతాయన్న హామీ ఇవ్వలేమని మిషెలిన్ ప్రకటించింది. ఏడు జట్లు ఆ టైర్లనే వాడుతున్నాయి. మలుపు ముందు వేగం తగ్గించే చికేన్ కట్టమని జట్లు అడిగాయి, రేసులను నియంత్రించే సంస్థ ఎఫ్ఐఏ కుదరదంది. చివరికి ఇరవై కార్లూ ఫార్మేషన్ ల్యాప్‌కు (రేసు మొదలయ్యే ముందు వేసే చుట్టుకు) బయలుదేరాయి. ఆ ల్యాప్ ముగింపులో పద్నాలుగు కార్లు పిట్‌లోకి తిరిగిపోయాయి. గ్రిడ్ మీద (రేసు మొదలయ్యే చోట) ఆరే మిగిలాయి, రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్‌లు, రెండు మినార్డీలు.

జనం లేచి నిలబడి అరిచారు, చాలామంది మధ్యలోనే వెళ్ళిపోయారు. కొందరు సీసాలూ డబ్బాలూ ట్రాక్ మీదికి విసిరారు. అరుపు వరకు వారికి పూర్తి హక్కు ఉందని నేను భావిస్తాను. డ్రైవర్ల ప్రాణాలకు ముప్పు ఉన్నప్పుడు కార్లను ఆపడం సరైనదే, కానీ పరిష్కారం వెతకడానికి శుక్రవారం నుంచి ఆదివారం దాకా సమయం ఉండగా పెద్దలెవరూ రాజీపడలేదు. ఆ పంతానికి మూల్యం స్టాండ్‌లో కూర్చున్నవారు చెల్లించారు. తరువాత మిషెలిన్ టికెట్ల డబ్బు తిరిగి ఇవ్వడానికీ, 2006 రేసుకు 20,000 టికెట్లు కొని పంచడానికీ ముందుకు వచ్చిందంటే, ఆ అరుపు ప్రభావం అందులో కొంతైనా ఉందని నేను నమ్ముతాను. సీసాలు విసరడం మాత్రం వేరే సంగతి. అప్పుడు ట్రాక్ మీద ఉన్న ఆ ఆరుగురూ ఎవరినీ మోసం చేయలేదు. వారిలో మన నారాయణ్ కార్తికేయన్ కూడా ఉన్నాడు. ఆ రోజు నాలుగో స్థానంలో నిలిచి సాధించిన అయిదు పాయింట్లు ఎఫ్1లో ఒక భారతీయుడికి దక్కిన తొలి పాయింట్లు, ఆయన కెరీర్‌లో మొత్తం పాయింట్లు కూడా అవే. మూడో స్థానంలో వచ్చిన టియాగో మొంటేరో, జనం కోపంతో ఉన్నా, ఎఫ్1 జీవితంలో ఒక్కసారి దక్కిన పోడియం మీద మనసారా సంబరం చేసుకున్నాడు. ఆయనను ఏమనగలం?

ఇక ఫెరారీ సొంతగడ్డ ఇటలీలోని మోంజా. అక్కడ ఫెరారీని ఓడించిన ఎవరినైనా గేలి చేయడం ఇంచుమించు ఆచారం. వెటెల్ తన మొదటి గ్రాండ్ ప్రి విజయం సాధించింది 2008లో ఆ మోంజాలోనే, టోరో రోసో అనే చిన్న ఇటలీ జట్టు కారుతో. ఆ రోజు జనం అతడిని నెత్తిన పెట్టుకున్నారు. 2013లో రెడ్ బుల్‌లో గెలిస్తే గేలి చేశారు. 2015లో ఫెరారీలో చేరి అదే పోడియం మీద రెండో స్థానంలో నిలబడితే, కింద ట్రాకంతా నిండిన జనం అతడి పేరుతో హోరెత్తించారు. మోంజా అభిమానుల ప్రేమను నేను తక్కువ చేయను, వారు లేకపోతే ఆ రేసులో సగం కళ ఉండదు. కానీ అక్కడి గేలి మనిషి గుణాన్ని బట్టి కాక చొక్కా రంగును బట్టి వస్తుందని, దానిని తీర్పుగా ఎవరూ తీసుకోకూడదని మాత్రం చెప్పగలను.

మీరు అడగకపోయినా ఒకటి చేర్చాలి. 2022 జులైలో సిల్వర్‌స్టోన్‌లో క్వాలిఫయింగ్ (రేసులో బయలుదేరే వరుసను తేల్చే పోటీ) తరువాత రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌ను స్థానికులు గేలి చేస్తే, అది తగదని బ్రిటిష్ డ్రైవర్ హామిల్టన్ బహిరంగంగా అన్నాడు. మరుసటి వారం ఆస్ట్రియా క్వాలిఫయింగ్‌లో హామిల్టన్ కారే గోడను ఢీకొన్నప్పుడు స్టాండ్లలో కొందరు ఆనందంతో కేకలు వేశారు. దీనికి నేను ఏ సమర్థననూ ఒప్పుకోను. కారు గోడకు తగిలిన క్షణంలో లోపలి మనిషి పరిస్థితి స్టాండ్‌లో ఉన్నవారికి తెలియదు. ఆ రోజు నోయిడాలో మా ముందు నుంచి మారుసియా కారులో అరవై సార్లకు దగ్గరగా వెళ్ళిన జూల్ బియాంకీ, ఏడాది తిరక్కముందే, 2014 అక్టోబర్‌లో, సుజుకా వానలో ప్రమాదానికి గురై మళ్ళీ స్పృహలోకి రాలేదు, 2015 జులైలో కన్నుమూశాడు. అందుకే మీరు ఎప్పుడైనా రేసుకు వెళ్ళి, మీకు నచ్చని డ్రైవర్ గెలిస్తే చప్పట్లు కొట్టకుండా కూర్చోండి, నిర్వాహకుల నిర్ణయం నచ్చకపోతే గొంతెత్తి అరవండి, కారు గోడకు తగిలినప్పుడు మాత్రం డ్రైవర్ గొంతు రేడియోలో వినిపించేదాకా ఆగండి.