పిల్లల చదువు మెరుగైతే అప్పు మీద వడ్డీ తగ్గిస్తామంటున్నారు, చిన్న ప్రైవేటు స్కూలు ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. అయితే వడ్డీ ఎంత తగ్గుతుందన్న పేజీ కంటే ముందు, ఎవరి చదువును ఎలా కొలుస్తారన్న పేజీ చదవండి. తక్కువ ఫీజుల స్కూల్లో అకడమిక్ కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు నేను ఇలాంటి ఒప్పందం కిందే పనిచేశాను. గదులు కట్టుకోవడానికి అప్పిచ్చిన సంస్థ ఏడాది మొదట్లో, చివర్లో బయటివాళ్లతో పరీక్ష పెట్టించి, తేడాను బట్టి వడ్డీలో కొంత వెనక్కిచ్చేది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పిల్లల జాబితా. ఇలాంటి స్కూళ్లలో ఫీజు కట్టలేకనో, తల్లిదండ్రుల పని మారిపోయో ఏడాది మధ్యలో పిల్లలు వెళ్లిపోతుంటారు. వెనకబడ్డ పిల్లవాడు వెళ్లిపోతే క్లాసు సగటు దానంతటదే పెరుగుతుంది. ఎవరికీ ఏమీ నేర్పకుండానే వడ్డీ తగ్గిపోతుంది! మాకిచ్చిన మొదటి ముసాయిదాలో లెక్కంతా సగటు మీదే ఉంది. టీచర్లు పట్టుబట్టి మార్పించారు. మొదటి పరీక్ష రాసి స్కూల్లో ఉన్న ప్రతి పిల్లవాడూ చివరి పరీక్షా రాయాలి, ఆ రోజు రాకపోతే మరో రోజు పెట్టాలి, ఎవరి మార్కును వాళ్ల పాత మార్కుతోనే పోల్చాలి, మధ్యలో మానేసినవాళ్లను మెరుగుపడనట్టే లెక్కెయ్యాలి. ఆ మార్పుతో, అయిదో తరగతికొచ్చినా తీసివేత రాని పిల్లల మీద మొదటిసారి అందరి దృష్టీ పడింది. మానేద్దామనుకున్న పిల్లల ఇళ్లకు కరస్పాండెంట్ స్వయంగా వెళ్లి మాట్లాడారు.

పాస్ మార్కు పెట్టి డబ్బు ముడేసే పద్ధతి కూడా ఉంది. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో పంజాబ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ 2005 నుంచి చిన్న ప్రైవేటు స్కూళ్లకు తలకింత అని సొమ్మిచ్చింది. పరీక్ష రాసినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి కనీసం 40 శాతం మార్కులు రావాలి, వరసగా రెండుసార్లు తప్పితే సాయం ఆగిపోయేది. మొదటిసారి కొద్దిలో తప్పిన స్కూళ్లు తర్వాతి పరీక్షకు బాగా పుంజుకున్నాయని పరిశోధనలో తేలింది. అయినా ఈ పద్ధతి నాకు నచ్చదు. 38 వచ్చిన పిల్లను కాస్త పైకి లాగితే స్కూలు గట్టెక్కుతుంది, 10 వచ్చిన పిల్లవాడి గురించి పట్టించుకునే అవసరమే రాదు.

మధ్యలో కూడా కొలవమని అడగండి. రాజస్థాన్‌లోని భీల్వాడా జిల్లాలో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి మూడేళ్లు ప్రభుత్వ బడుల్లో ఫలితాలకు ముడిపడ్డ ఒప్పందం మీద పనిచేసింది. రెండో ఏడు ముగిసేసరికి చదువులో లక్ష్యంలో దాదాపు సగమే చేరారు. అది తెలిసింది కాబట్టే పిల్లల్ని స్థాయిని బట్టి విడదీశారు, బడికి రానివాళ్ల దగ్గరికి ఇంటికే వెళ్లారు. చివరికి లక్ష్యంలో 160 శాతం సాధించారు. ఏడాది చివర్లో ఒక్కసారే మార్కులు తెలిస్తే టీచరు చేయగలిగేదేముంది?

టీచర్ల వాటా సంగతి కూడా తేల్చుకోండి. వడ్డీ రాయితీ మేనేజ్‌మెంట్ ఖాతాలో పడుతుంది, కష్టం మాత్రం టీచరుది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో జరిగిన ప్రయోగంలో, పిల్లల మార్కులు పెరిగిన మేరకు టీచర్లకిచ్చిన బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతమే. ఆ కొంచెంతోనే రెండేళ్లలో లెక్కలు, తెలుగు మెరుగుపడ్డాయి, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మార్కులు పెరిగాయి. తక్కువ జీతాలకు పనిచేసే ప్రైవేటు టీచర్లకు రాయితీలో సగమైనా పంచుతామని ముందే రాసివ్వండి. మాకు ఆ మాట రాతలో లేదు, ఆ ఏడాది చివర ఇద్దరు మంచి టీచర్లు వేరే స్కూలుకు వెళ్లిపోయారు.

ఫలితం రాకపోతే వడ్డీ పెంచుతామని ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం సంతకం పెట్టకండి. ఆ భారం తిరిగి తిరిగి పిల్లల ఫీజుల మీదే పడుతుంది.