ఎమ్మారై నార్మల్ వచ్చినా పార్కిన్సన్స్ అంటున్నారు, ఫంక్షనల్ ఎమ్మారై తీయించాలా?

మీ నాన్నగారికి పార్కిన్సన్స్ అన్నారు, ఎమ్మారైలో మాత్రం ఏమీ లేదు, మెదడులో కనెక్షన్లు ఎలా మారాయో చూపించే ఫంక్షనల్ ఎమ్మారై తీయిస్తే తేలుతుందా అని అడిగారు. అక్కర్లేదనే నా మాట. నేను డాక్టర్ని కాను. మా నాన్నకి ఈ జబ్బు వచ్చి ఆరేళ్లయింది, అప్పట్లో నేనూ మీలాగే ఆ నార్మల్ రిపోర్టు పట్టుకుని తల పట్టుకున్నదాన్నే.

నాన్నకి మొదట్లో వణుకే లేదు. కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అని ఒకచోట ఎనిమిది నెలలు ఫిజియోథెరపీ చేయించారు. తర్వాత చూపించిన న్యూరాలజిస్టు వరండాలో నడిపించి, కుడి చెయ్యి ఊగట్లేదని మాకు చూపించి, వేళ్లు తాటించి చూసి పది నిమిషాల్లో చెప్పేశారు. ఎమ్మారై రాసింది పక్షవాతం, గడ్డ, తలలో నీరు లాంటివి కావని నిర్ధారించుకోడానికట. మామూలు ఎమ్మారై చూసేది మెదడు ఆకారం. ఇక్కడ పోతున్నవి సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న చోట, కదలికలకి కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు. ఆ నష్టం ఆకారంలో కనపడదు.

ఇక మీరడిగిన స్కాన్. మనిషిని ఊరికే పడుకోబెట్టి, రక్తంలో ఆక్సిజన్ మార్పుల్ని బట్టి మెదడులో ఏ భాగాలు ఒకే లయలో హెచ్చుతగ్గులవుతున్నాయో లెక్కగడతారు. లయ కలిస్తే కనెక్షన్ ఉందంటారు. అంటే అక్కడ తీగ కనపడదు, అది లెక్కలో తేలేది. చెయ్యి కదపకుండా పడుకున్నా కదలికల్ని నడిపే ఎడమ, కుడి భాగాలు కలిసే ఊగుతాయని 1995లో భరత్ బిస్వాల్ బృందం చూపించింది.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ ముందుగా, ఎక్కువగా తగ్గేది మెదడు లోపల కదలికలకి సాయపడే పుటామెన్ అనే చోట, దాని వెనక భాగంలో. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇలాంటి స్కాన్లలో ఆ వెనక భాగానికి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌తో పొత్తు తగ్గి, ముందు భాగానికి పెరగడం గమనించారు. అలవాటుగా జరిగిపోయే పనులకి వెనక భాగం, మనసు పెట్టి చేసేవాటికి ముందు భాగం ఎక్కువ పనికొస్తాయంటారు.

ఇది చదివాకే మా ఇంటి ముగ్గు సంగతి నాకు అర్థమైంది. నాన్న వంటగది గుమ్మం దగ్గర అడుగు పడక నిలబడిపోయేవారు, కాళ్లు నేలకి అతుక్కున్నట్టు. అదే మనిషి పొద్దున్నే వాకిట్లో అమ్మ వేసిన ముగ్గు తొక్కకుండా చక్కగా దాటుకుని పాల ప్యాకెట్ తెచ్చేవారు. నాటకాలాడుతున్నారని ఒకసారి విసుక్కున్నాను కూడా. ఎదురుగా గీత కనిపిస్తే నడక అలవాటు దారి వదిలి, చూసి వేసే అడుగు అవుతుందన్నమాట. ఫిజియోథెరపిస్టుని అడిగితే అవును, గీతలు వేయండి అన్నారు. వంటగది గుమ్మం ముందు అడ్డంగా తెల్ల టేపు అంటించాం. బాగా అలసిన రోజుల్లో అదీ పనిచేయదు.

మరి స్కాన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ ఫలితాలు పదుల మంది సగటులు. ఒక్క మనిషి స్కాన్ చూసి జబ్బు ఉంది, లేదు అని చెప్పే స్థాయికి ఇంకా రాలేదు. పైగా తల కాస్త కదిలినా లెక్క తప్పుతుంది, వణుకున్నవాళ్లతో అది మరీ కష్టం. ఈ జబ్బుకిచ్చే లెవోడోపా మాత్ర వేసుకున్నాక తీసిందీ, వేసుకోకముందు తీసిందీ ఒకేలా ఉండవు.

డాక్టరుకే అనుమానం ఉంటే ట్రోడాట్ స్కాన్ రాస్తారు. అది డోపమైన్ కణాల చివర్లు ఏ మేరకు మిగిలాయో చూపిస్తుంది, ఎసెన్షియల్ ట్రెమర్ అనే మామూలు వణుకునీ దీన్నీ వేరు చేయడానికి బాగా పనికొస్తుంది. పైకి పార్కిన్సన్స్ లాగే కనిపించే పీఎస్పీ, ఎంఎస్ఏ లాంటి వేరే జబ్బుల్ని మాత్రం అది విడదీసి చెప్పలేదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. మాత్రకి ముందూ, వేసుకున్న గంటకీ నాన్నగారి నడక ఫోన్లో వీడియో తీయండి, టైము రాసిపెట్టండి. మా డాక్టరుగారు ఎమ్మారై ఫిల్ములు ఒక్కసారే చూశారు, వీడియోలు మాత్రం వెళ్లిన ప్రతిసారీ అడుగుతారు.