సంపులో చారెడు బ్లీచింగ్ సరిపోతుందా?

ప్రశ్న: మాది అజిత్‌సింగ్‌నగర్‌లో పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. సంపు పది వేల లీటర్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గాక కడిగించాం. అప్పట్నుంచి వాచ్‌మన్ వారానికోసారి చారెడు బ్లీచింగ్ చల్లుతున్నాడు. వాసన బాగానే వస్తోంది. అయినా ఈ వానల్లో మూడిళ్ల పిల్లలకు విరేచనాలయ్యాయి. ఎందుకు?
– అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: మొదట ఆ చారెడు మానండి. నీళ్లు రోజూ మారుతుంటే మందు వారానికోసారి వేసి లాభం లేదు. కొత్త బ్లీచింగ్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది, సంచి విప్పాక దిగిపోతుంది. 25 శాతం అనుకుంటే వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, మీ నిండు సంపుకు 40 గ్రాములు. కాటాలో తూచండి. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక బకెట్ నింపి, పది నిమిషాలు కదపకండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేటనీరే సంపులో పోసి, అరగంటదాకా మోటారు వేయొద్దు. బాత్రూమ్ యాసిడ్ తాకిన బకెట్ మాత్రం వాడకండి, విషవాయువు వస్తుంది.

వాసనను నమ్మలేం. మురుగులోని అమ్మోనియాతో కలిసిన క్లోరిన్ కూడా వాసన కొడుతుంది, క్రిముల మీద దాని బలం మాత్రం తక్కువ. అందుకే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే క్లోరోస్కోప్ కొనండి. పైఅంతస్తు చివరి కుళాయి నీళ్లలో ఆర్థోటాలిడిన్ అనే పరీక్ష ద్రావణం చుక్కలు వేసి పసుపు రంగును వెంటనే చూడాలి; ఆలస్యమైతే ఆ కలిసిన క్లోరిన్ కూడా రంగిచ్చి మోసం చేస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి.

రోజూ తూచి వేస్తున్నా రంగు రాలేదా? మోతాదు పెంచుకుంటూ పోకుండా మురుగు ఎక్కడ కలుస్తోందో వెతకండి. రాత్రి మోటారు ఆపి, వాల్వు కట్టి, కర్ర దించి తడిసినమేర గుర్తు పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే గోడ చీలినట్టే. సంపు ఖాళీ అయినప్పుడు అదే చీలికలోంచి బయటి నీళ్లు లోపలికొస్తాయి. మట్టం పెరిగిందంటే అప్పటికే వస్తున్నాయి.

గోడ బాగుంటే పైపును అనుమానించాలి. సరఫరా ఆగాక, కాలువలో మునిగిన పైపు అతుకుల దగ్గర మురుగు లోపలికి పీల్చుకుంటుంది. కుళాయి పైపుకే మోటారు బిగించినవాళ్లుంటే మరీ ఎక్కువ. ఆ మోటార్లు మాన్పించాలంటే మీ సంఘం ఒక్కటే చాలదు, వీధిలోవాళ్లంతా కూర్చోవాలి. అందాకా నీళ్లు వదలగానే మొదటి పది నిమిషాలు సంపులోకి పోనివ్వకండి. తాగే నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం మరగనివ్వండి.

ప్రశ్న: మేం 20 లీటర్ల వాటర్ టిన్నే తాగుతాం. మాకీ గొడవ లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంది. క్లోరిన్ ఆర్వో పొరను పాడుచేస్తుంది కాబట్టి ముందే కార్బన్ ఫిల్టర్‌తో తీసేస్తారు. టిన్నులోకి వచ్చేసరికి నీళ్లకు క్లోరిన్ కాపలా ఉండదు; ముంచిన గ్లాసు, పాకుడు పట్టిన కుళాయి చాలు చెడిపోవడానికి. ఎండలో ఉంచకండి, రెండు మూడు రోజుల్లో వాడేయండి. డిస్పెన్సర్ కుళాయిని వారానికోసారి విప్పి, బ్లీచింగ్ తేటలో అరగంట నానబెట్టి, మంచినీళ్లతో కడిగి బిగించండి.