మ్యాన్‌హోల్‌లో పొగ పెడితే మన ఇంట్లోకి ఎందుకొస్తుంది?

ఈసారి బెంగళూరు పాఠకుల ఉత్తరాల్లో చాలా వరకు మురుగు లైన్ల పొగ పరీక్ష మీదే ఉన్నాయి. లైనులోకి పొగ తోసి, అది ఎక్కడెక్కడ బయటికొస్తుందో చూసి పగుళ్లనూ తప్పుడు కనెక్షన్లనూ పట్టుకునే పరీక్ష ఇది. వాటిలో కొన్నింటికి జవాబులివి.

మా వీధిలో యూజీడీ (నేల కింది మురుగు) లైనుకు పొగ పరీక్ష చేస్తామని గేటుకు చీటీ అంటించి పోయారు. ఆ పొగ విషమా? ఇంట్లో ఏడు నెలల పాప ఉంది, మామగారికి ఉబ్బసం.
– ఒక గృహిణి, రామమూర్తినగర్

విషం కాదండీ. వాడే పొగ రెండు రకాలు. ఖనిజ నూనె లాంటి ద్రవాన్ని వేడి చేసి పుట్టించే తెల్లటి పొగ ఒకటి, ముట్టించి వదిలే పొగ డబ్బాలు రెండోది. రెండూ ఆరుబయట కాసేపట్లో చెదిరిపోతాయి. మూసిన గదిలో చిక్కుకుంటే మాత్రం గొంతు గరగరలాడుతుంది, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఇబ్బందే. కాబట్టి మీ వైపు పని జరిగే గంటా రెండు గంటలు మామగారినీ పాపనూ దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచండి. ఇంట్లో ఇలాంటివాళ్లు ఉన్నారని పనివాళ్ల ముఖ్యుడికి ముందురోజే చెప్పండి. బాల్కనీలో చిలకల పంజరం లాంటిది ఉంటే దాన్నీ తరలించండి.

పద్ధతి సులువైనదే. ఒక మ్యాన్‌హోల్ మూత తీసి నోటి మీద పెద్ద బ్లోయర్ కూర్చోబెడతారు. అటూ ఇటూ ఉన్న మ్యాన్‌హోళ్లలో గొట్టం నోటికి ఇసుక మూటలు అడ్డం పెడతారు. అడుగున మురుగు పారుతూనే ఉండాలి, పైనున్న పొగ మాత్రం దాటకూడదు. 200 మిల్లీమీటర్ల గొట్టం 100 మీటర్ల పొడవున మొత్తం పట్టే గాలి 3 ఘనపు మీటర్ల పైచిలుకే. బ్లోయర్ ఒక్క నిమిషంలో అంతకు పదింతలకు పైగా తోస్తుంది. అందుకే ఐదారు నిమిషాల్లో పొగ ఇళ్ల దాకా చేరుతుంది, పావుగంటలో ఆ ముక్క పని అయిపోతుంది.

మీ మిద్దె మీది వెంట్ పైపు (మురుగు గాలి బయటికి పోయే పైపు) నుంచి పొగ వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే, అది రావాల్సిన దారి అదే. మీరు చేయాల్సిన పని ముందురోజు రాత్రి ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి తూములోనూ ఒక చెంబు కాదు, రెండేసి లీటర్ల నీళ్లు పోయండి. తూము కింది వంపులో (దాన్నే ట్రాప్ అంటారు) నిలిచే ఆ నీళ్లే పొగను ఇంట్లోకి రాకుండా ఆపుతాయి, అవి ఎండిపోతే పొగ లోపలికొస్తుంది. అతిథుల బాత్రూమ్, వాషింగ్ మెషీన్ పక్కనున్న తూము, యుటిలిటీలో ఎవరూ వాడని సింకు, అందరూ మరిచిపోయేవి ఇవే. అపార్ట్‌మెంటయితే పొగ అలారం మోగే అవకాశముందని వాచ్‌మన్‌కూ మేనేజరుకూ చెప్పి ఉంచాలి.

నీళ్లు పోశాం. అయినా మా ఒక్క బాత్రూమ్‌లోకే పొగ వచ్చింది. పక్కవాళ్లకు రాలేదు. ఎందుకు?
– బి.టి.ఎం. లేఔట్

పొగ ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా? మొదట అనుమానించాల్సింది నేల తూము, అంటే మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అనేది. వంపులో 50 మిల్లీమీటర్ల లోతు నీళ్లు నిలిస్తేనే అది గాలికి తాళం. చాలా ఇళ్లలో జాలీ కింద ఒక గిన్నె బోర్లించి ఉంటుంది. వెంట్రుకలు చుట్టుకుని నీళ్లు మెల్లగా పోతున్నాయని ఆ గిన్నె పీకి పారేస్తారు. ఆ రకం తూములో తాళమంతా ఆ గిన్నెలోనే ఉంది. అది పోతే మిగిలేది ఉత్త కన్నం. గిన్నెను కడిగి మళ్లీ పెట్టాలే తప్ప తీసేయకూడదు.

తర్వాత కమోడ్ చూడండి. కూర్చున్నప్పుడు కొద్దిగా కదిలితే కింద పైపుతో కలిసే చోట అతుకు విడిపోయి ఉంటుంది. వాష్‌బేసిన్ పైపును బాటిల్ ట్రాప్ లేకుండా నేరుగా గోడలోని కన్నంలో దూర్చి ఉన్నా అంతే.

ఇవేవీ కాకపోతే ఒక చిన్న పరీక్ష. తూములో నీళ్లు పోసి, ఆ బాత్రూమ్ వాడకుండా మూడు రోజులు వదిలి, టార్చి వేసి చూడండి. ఎండకు ఆవిరై ఆ నీళ్లు పోవాలంటే వారాలు పడుతుంది. మూడు రోజులకే మాయమైతే ట్రాప్ పగిలి ఉండాలి, లేదా పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడల్లా ఆ ఊపుకు మీ నీళ్లు లాక్కుపోతూ ఉండాలి. రెండోదే అయితే తప్పు మీ బాత్రూమ్‌లో లేదు, నిలువు పైపుకు సరైన వెంట్ లేకపోవడంలో ఉంది. దాన్ని అపార్ట్‌మెంట్ సంఘమే బాగుచేయించాలి.

దీన్ని వాయిదా వేయకండి. పొగ వచ్చిన దారినే రోజూ మురుగు గాలి వస్తోంది. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. మీథేన్‌కైతే అసలు వాసనే లేదు.

పొగ మా నీళ్ల సంపు మూత సందుల్లోంచి వచ్చింది. ఇది కూడా మామూలేనా?
– కె.ఆర్.పురం

కానే కాదు. ఈ ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీదే. ఈ రోజు నుంచే ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం ఆపండి. కాచినా సరే, కారణం తేలేదాకా వద్దు.

కారణం రెండింటిలో ఒకటి అయి ఉంటుంది. సంపు నిండి పొర్లకుండా పెట్టే ఓవర్‌ఫ్లో పైపును, దగ్గరుందని యూజీడీ ఛాంబర్‌లో (ఇంటి మురుగు పైపులు కలిసే, మూత ఉన్న గుంటలో) కలిపి ఉంటారు. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. లైను జామ్ అయి ఛాంబర్ నిండిన రోజు అదే పైపులో మురుగు వెనక్కి నడిచి సంపులోకి వస్తుంది. రెండోది, సంపు గోడ పక్కనే వెళ్తున్న మురుగు పైపు పగిలి, గోడ కూడా బీట ఇచ్చి ఉండడం.

మొదటిదైతే ఆ పైపును ఛాంబర్ దగ్గర కోసి, ఛాంబర్ కన్నం సిమెంటుతో మూయించండి. ఓవర్‌ఫ్లోను ఆరుబయట, నేలకు కనీసం అరడుగు ఎత్తున, దోమతెర కట్టి వదలండి. పొర్లితే కంటికి కనపడాలి. రెండోదైతే సంపు ఖాళీ చేసి లోపలి గోడలు చూడక తప్పదు. మురుగు పైపు మార్చకుండా లోపల పూత పూసి ఊరుకుంటే అది ఎన్నాళ్లో నిలవదు.

బాగుచేశాక శుద్ధి చేసే లెక్క ఇది: 6,000 లీటర్ల సంపుకు 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ 1 కిలో. ముందు బకెట్‌లో కలిపి, తేట మాత్రం పోసి, సంపు నింపి 24 గంటలు ఉంచాలి. ఆ నీళ్లు వాడకుండా తోడేసి, మంచి నీటితో ఒకసారి కడిగి, అప్పుడు నింపుకోవాలి. పౌడర్ సంచి విప్పి నెలలైతే సత్తువ పోతుంది, అది పనికిరాదు. నీటిని ల్యాబ్‌లో కోలిఫామ్ (మురుగు కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియా) పరీక్ష చేయించి, ఆ ఫలితం వచ్చాకే తాగండి.

మిద్దె మీది వాన పైపు నుంచి పొగ వచ్చింది, అది తప్పుడు కనెక్షన్ అని రాసుకున్నారు. వాన నీళ్లేగా, మురుగులో కలిస్తే ఏం పోయింది?
– హొరమావు, 30×40 అడుగుల ఇంటి యజమాని

మీ ఇంటి లెక్కే వేద్దాం. 1,200 చదరపు అడుగుల మిద్దె మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే దిగే నీళ్లు సుమారు 5,500 లీటర్లు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగవుతుందనుకుంటే రోజుకు 432 లీటర్లు. అంటే మీ పైపు ఒక్క గంటలో 12 రోజుల మురుగును మించిన నీళ్లు లైనులోకి తోస్తోంది. వీధిలో పది ఇళ్లు ఇలా ఉంటే పల్లంలో ఉన్న ఇంటివాళ్ల బాత్రూమ్‌లోంచి మురుగు పైకి తన్నుతుంది. సెప్టెంబరు వానల్లో మ్యాన్‌హోల్ మూతలు లేచేది కూడా ఇందుకే.

ఇంకోటి, బెంగళూరులో 2009 నుంచి ఇంత స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు వాన నీటిని పట్టుకునే ఏర్పాటు తప్పనిసరి. పైపును ఛాంబర్ దగ్గర విడదీసి, ఫిల్టర్ పెట్టి సంపుకో ఇంకుడు బావికో మళ్లించండి. ఇంకుడు బావి సాధారణంగా 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు, సిమెంటు వరలతో. వీటిని తవ్వడంలో తరతరాల పనితనం మన్ను వడ్డర్లది. వాళ్ల ఇంటి భాష మన తెలుగుకు దగ్గరిదే కాబట్టి మాట్లాడుకోవడం సులువు.

మా పాత ఇంట్లో ఎక్కడా పొగ రాలేదు, వెంట్ పైపులో కూడా. నిశ్చింతగా ఉండొచ్చా?
– జయనగర్

ఇంకా చెప్పలేం. పాత ఇళ్లలో వీధి లైనుకు ముందున్న ఆఖరి ఛాంబర్‌లో ఇంటర్‌సెప్టింగ్ ట్రాప్ ఉండేది. దానిలోని నీళ్లే పొగను ఆపేసి ఉంటాయి, అంటే మీ ఇంటి పైపులకు పరీక్ష జరగనే లేదు. గొట్టం కుంగి మధ్యలో నీళ్లు నిలిచినా పొగ దాటదు. వాన పడి నేల తడిసి ఉంటే పగుళ్లలోంచి పైకి రాదు. అందుకే ఈ పని జనవరి–మార్చి మధ్య ఎండిన నేల మీద చేస్తేనే నమ్మకం. మీ లోపలి ఛాంబర్ నుంచి వేరుగా పొగ పెట్టించండి, లేదా రంగు నీళ్లు పోసి ఎక్కడ తేలుతుందో చూడండి.

ఈ పరీక్షకు మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగాలా?
– యలహంక

అక్కర్లేదు. బ్లోయర్ పైనే ఉంటుంది, ఇసుక మూటలు తాడుతో దించవచ్చు. రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా దిగబోతుంటే ఆపించి, జలమండలి 1916కు ఫోన్ చేయండి.

కొత్త ఇల్లు కడుతున్నాం. ఈ తిప్పలన్నీ ముందే తప్పించుకోలేమా?
– హోసకోటె

తప్పించుకోవచ్చు, టైల్స్ వేయకముందే అడిగితే. ట్రాపులన్నీ నీటితో నింపి, పైపుల చివరలు బిగించి, 25 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడితో (అంత ఎత్తు నీటిని మాత్రమే తోయగల ఒత్తిడితో) పొగ నింపి 15 నిమిషాలు నిలబెట్టాలి. 50 మిల్లీమీటర్ల నీళ్లున్న ట్రాపును ఆ ఒత్తిడి దాటలేదు, కాబట్టి పొగ కనిపించిన చోటల్లా అతుకు సరిగా లేనట్టే. ప్లంబర్‌కు చివరి వాయిదా డబ్బు ఈ పరీక్ష మీ కళ్లముందు జరిగాకే ఇస్తానని మొదటిరోజే కాగితం మీద రాసుకోండి.