చిన్నాకి, శనివారం లోపు చదువుకోమని

చి॥ చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

శనివారానికి సైకాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నావనీ, అక్కడ ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ మావయ్య పోయాక నేనూ కొన్నాళ్లు వెళ్లినదాన్నే కాబట్టి రాస్తున్నాను.

నువ్వేమీ తయారై వెళ్లక్కర్లేదు. మొదటి రోజు ఎక్కువగా ఆ సైకాలజిస్టే అడుగుతుంది. నిద్ర పడుతోందా, తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోందా, అన్నం సహిస్తోందా, ఇదంతా ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో ఇంట్లోనో ఆఫీసులోనో ఏమైనా జరిగిందా అని. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అంటే మీ తాతయ్య సంగతి చెప్పు. మనవాళ్లంతా ఆయన్ని కోపిష్టి అని తేల్చేశారు కానీ, నెలల తరబడి గదిలోంచి బయటికి రాని మనిషిది ఒట్టి కోపమేనంటే నేను నమ్మను. మందు, సిగరెట్టు అలవాట్ల గురించి అడిగితే నిజం చెప్పేయ్. ఆవిడేం మీ అమ్మ కాదు. థైరాయిడ్ తేడా చేసినా నీరసం, దిగులు వస్తాయి కాబట్టి పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లు.

ఒక ప్రశ్నల కాగితం చేతికివ్వచ్చు. డిప్రెషన్ ఎంతుందో చూడటానికి ఎక్కువమంది వాడేది పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. ఇందులో ఎక్కువ వస్తే ఫెయిలూ కాదు, తక్కువ వస్తే ర్యాంకూ కాదు. చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా అని. చాలామంది అక్కడ భయపడి సున్నా పెట్టేస్తారు, అవునంటే అప్పటికప్పుడు ఆస్పత్రిలో పడేస్తారేమోనని. అవునన్నంత మాత్రాన అలా చెయ్యరు. ఎప్పుడెప్పుడు వస్తోంది, ఊరికే వచ్చి పోతోందా, ఏమైనా చేసుకోవాలన్నంత దూరం వెళ్తోందా అని ఇంకొంచెం అడుగుతారు, దాన్నిబట్టి నీతోనే కూర్చుని ఏం చెయ్యాలో చూస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయి.

చెప్పినవి బయటికి పోతాయన్న బెంగ వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలోనే గోప్యత హక్కు ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడో, కోర్టు అడిగినప్పుడో, అలాంటి కొన్నిటికే మినహాయింపు. అవేమిటో మొదట్లోనే ఆవిడనే అడుగు. మీ అమ్మ లోపలికి వస్తానంటే బయట కూర్చోమను, నేను చెప్పానని చెప్పు.

మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. సైకాలజిస్టుది మాటలతో చేసే వైద్యం. అవసరమనిపిస్తే ఆవిడే అక్కడికి పంపుతుంది. పంపితే కంగారు పడకు, "ఎర్రగడ్డకి పంపాలి" అని కాలేజీలో మీరు వేసుకునే జోకులు తలుచుకోకు. ఇంకోటి, బోర్డు పెట్టినవాళ్లంతా ఒకటి కాదు. క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో రిజిస్టరై ఉండాలి. ఆ నంబరు అడగడం తప్పేం కాదు. ఫీజు ఎంతో, ఎన్ని నిమిషాలో, రాలేకపోతే డబ్బు పోతుందో ఉంటుందో కూడా ఫోన్లోనే కనుక్కో. మామూలుగా ముప్పావుగంట నుంచి గంట.

మధ్యలో ఏడుపొస్తే ఏడువు. నేను మాట్లాడిన దానికన్నా ఏడ్చిందే ఎక్కువ, ఎవరూ తొందరపెట్టలేదు. బయటికి వచ్చాక తేలికపడతావని అందరూ అంటారు కానీ, ఆ సాయంత్రం నాకు ఒళ్లు హూనమై ఇంకా బరువనిపించింది. అది మామూలే. ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకు. ఇంట్లో "ఏం చెప్పింది?" అని అడుగుతారు. మొదటి రోజు ఆవిడ చెప్పేది పెద్దగా ఉండదు, నువ్వు వాళ్లకి చెప్పాల్సిందీ లేదు.

ఒక్క రోజుకే లాభం లేదని మానేయకు. రెండు మూడుసార్లు వెళ్లినా మనసు విప్పలేకపోతే వేరేవాళ్లని చూసుకో. ఆవిడేమీ అనుకోదు. అయితే "పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్లు తగిలితే మాత్రం రెండోసారి గడప తొక్కొద్దు. ఆ సలహా ఇవ్వడానికి మన చుట్టాలు చాలు, ఫీజు కట్టక్కర్లేదు.

ఈలోపు ఏ రాత్రయినా మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. నా ఫోనూ సైలెంట్‌లో ఉండదు.

ఇట్లు,
అత్తయ్య