విప్పేటప్పుడే బలం తగ్గే ఎయిర్ గన్

మిర్యాలగూడ సోదరునికి నమస్కారం. మీ టైర్ల షాపులోని ఎయిర్ గన్ లారీ నట్లను గట్టిగా బిగిస్తున్నా విప్పేటప్పుడు చతికిలబడుతున్నదనీ, రివర్స్ గేర్ అరిగిందని మెకానిక్ చెప్పాడనీ రాశారు. ఇటువంటి గన్‌లో సాధారణంగా రివర్స్ గేరే ఉండదు. వెనుకనున్న వాల్వు గాలిని మోటారులోకి ఒకసారి ఈ పక్క నుంచి, మరోసారి ఆ పక్క నుంచి పంపడం వల్లనే రోటరు (మోటారులో తిరిగే భాగం) దిశ మారుతుంది. పనిముట్టును బయటికి లాగగానే వెనక్కి తిప్పే గేర్ల అమరిక మరలు కోసే ట్యాపింగ్ యంత్రాలలో కనిపిస్తుంది.

రోటరు రెక్కలు అరిగితే బలం రెండు వైపులా తగ్గుతుంది కనుక, నా అనుమానమంతా ఆ వాల్వు మీదనే. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీరు, పాత ఆయిలు కలిసి జిగురులా పేరుకుంటే వాల్వు చివరిదాకా తిరగదు, గాలి సగమే అందుతుంది. గొట్టం ఊడదీసి, వెనుక మూత విప్పి, వాల్వును కిరోసిన్‌తో కడిగి, గాలి కారకుండా ఆపే ఓ-రింగు, గాస్కెట్ చూసి, నాలుగు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేయండి. గన్ నడుస్తుండగా గాలి ఒత్తిడి సుమారు 90 పీఎస్‌ఐ ఉండాలి. అప్పటికీ మారకపోతే గన్ లోపలి సుత్తి దెబ్బ తగిలే అంచులలో విప్పే వైపుది గుండ్రబడిందేమో పరిశీలించండి.

అన్నట్టు, కొన్ని పాత లారీలకు ఎడమవైపు నట్లు ఎడమ మరలతో (అపసవ్యంగా తిప్పితే బిగిసేవి) ఉంటాయి. వాటిని రివర్స్‌లో పెడితే బిగుస్తాయే తప్ప ఊడవు.